ఎల్లమ్మ ఓడలో ఓబన్న

కోడుమూరులో తాగునీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరస కట్టిన రోజున కూడా సముద్రానికి మాత్రం కరువుండదు. బస్టాండు వెనక సందులో పరుపులు కుట్టే దూదేకుల అబ్దుల్ కరీం దగ్గరికి పోతే చాలు. అడిగినవాడికీ, అడగనివాడికీ కావలసినంత సముద్రం పోస్తాడు. ఉప్పు కొంచెం ఎక్కువే వేస్తాడనుకోండి.

ఆ పొద్దున పెండ్లివారి పరుపొకటి పనిలో ఉంది. చారల గుడ్డ సంచిని చాప మీద పరిచి, మిషను దగ్గర ఏకించుకొచ్చిన దూదిని పిడికిళ్లతో మూలలకు నెడుతున్నాడు. మూల సరిగా నిండకపోతే పరుపు నాలుగేండ్లకే కుక్క చెవిలా వాలిపోతుంది. డెబ్బై దాటిన చేతులు వాటి పని అవి చూసుకుంటుంటే నోరొక్కటి ఖాళీగా కూర్చోవడం కరీంకు గిట్టదు. ఎదురుగా టీ బంకు బెంచీ మీద వినేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నమ్మేవాళ్లే లేరు. వినేవాడు నమ్మాలని ఎక్కడా లేదంటాడు కరీం. టీ తాగడం అయిపోయినా లేవకుండా కూర్చుంటే, కత గెలిచినట్టే లెక్క.

"దాని అసలు పేరు ఎలినోరా అప్పా. దొరల దేశంలో పుట్టింది. బొగ్గు కాడ పనిచేసే మనోళ్లకు నోరు తిరగక ఎల్లమ్మ అన్యారు. మద్రాసులో జనాన్ని ఎక్కించుకోని రంగూన్లో దింపేది. ఎంత పొడుగనుకున్యారు? ముందరపక్క తెల్లారి కోడి కూస్తాంటే, ఎనకపక్క వంటోళ్లు ఇంకా రాత్రి గిన్నెలు తోముతాండేవాళ్లు."

"మీ నాయన యాపక్క ఉండె మామా?" అని బెంచీ మీదినుంచి ఒకడు గిల్లాడు.

"కింద. ఆడ తెల్లారేదీ లేదు, పొద్దు గుంకేదీ లేదు. నిప్పు, పార, అంతే." కరీం మూలలో దూదిని బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు. "ఆ ఓడ లోపల దొరసానులు డ్యాన్సులాడే గది ఒకటుండె. అందులో పియానో. మంచమంత వాయిద్యం. యుద్ధం వచ్చింది చూడు, సర్కారోళ్లు ఓడను పట్టుకపొయ్యి, తెల్లరంగు మింద బూడిదరంగు కొట్టినారు. కిటికీల అద్దాలకు నల్లరంగు. నెత్తిన ఒక ఫిరంగి. డ్యాన్సుల గదిలో సిపాయిల మంచాలు. ఆ సిపాయిలు పియానోలో బూట్లు దాచుకునేవాళ్లు. పొద్దున్నే ఎవడు బూట్లు తీసుకున్యా అది ఒక కీర్తన పాడేది."

"చేపల సంగతి చెప్పలేదే?"

"చెప్పనిస్తే గదా! బూడిదరంగు పూసినాక సముద్రానికే అది ఆనవాలు పట్టలేదు. చేపలు చూసుకోకుండా వచ్చి గుద్దుకునేవి. నమ్మకపోతే పొయ్యి చూసుకో, ఆ పక్క చేపలకు ఇప్పటికీ నుదురు మింద బొప్పి ఉంటాది."

నవ్వులు ఇంకా ఆగకముందే నరసింహ మోటారు సైకిలు వచ్చి ఆగింది. సంత దగ్గర ఎరువుల అంగడి అతనిది. బండి దిగలేదు. ఒక కాలు నేలకానించి, "కరీం మామా, అమ్మ రమ్మంటాంది," అన్నాడు.

"కతకా?"

"ఏమో మామా. ముఖం చూస్తే కత అడిగే ముఖం కాదు."

కరీం దబ్బనం తీసి చొక్కా గుండీల పట్టీకి గుచ్చుకుని లేచాడు. నరసింహ తల్లి గురమ్మ పిలిస్తే అతను పని ఆపి పోతాడు. ఊరంతా కత మధ్యలో లేచిపోయేవాళ్లే. చివరిదాకా కూర్చుని, రెప్ప వేయకుండా వినేది ఆమె ఒక్కతే. చిన్నప్పటినుంచీ అంతే. కత చెప్పేవాడికి అలాంటి మనిషి ఒక్కరుంటే చాలు, ఊరు ఏమనుకున్నా ఏం పోయింది?

గురమ్మ నులక మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. ఎనభై దాటింది. ఈ మధ్య అన్నం సయించడం లేదు. ముఖంలో ముక్కుపుడకే పెద్దదిగా కనిపిస్తోంది.

"కూచో కరీమా. ఈ పొద్దు ఓడ వద్దు."

"ఓడ వద్దంటే నా కాడ ఇంకేముండాదక్కా?"

"మా నాయన చచ్చిపోయినాడా?"

కరీం చొక్కా నుంచి దబ్బనం తీశాడు. దాని కన్నంలోకి చూశాడు. మళ్లీ అక్కడే గుచ్చుకున్నాడు.

ఇద్దరి తండ్రులూ ఒకే కరువులో, ఒకే రైల్లో మద్రాసుకు పోయి, ఒకే ఓడలో బొగ్గుపనికి కుదిరారు. కరీం తండ్రి దస్తగిరి తిరిగొచ్చాడు. గురమ్మ తండ్రి ఓబన్న రాలేదు. రాలేదన్న చోట ఊరు ఆగలేదు. రంగూన్లో ఇంకొకదాన్ని కట్టుకున్నాడంది, పిల్లల్ని కన్నాడంది, ఆ పిల్లలకు పేర్లు కూడా పెట్టింది. గురమ్మ తల్లి సంజమ్మ మాత్రం చేతి గాజులు తీయలేదు. ఆమె పోయిననాడు పసుపు పూసి, పూలు పెట్టి సాగనంపుతుంటే, వెనక నడిచిన ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుపు ఆపుకోవడానికి కాదు. ఆ కొంగులను గురమ్మ చూసింది.

"ఎల్లుండి పెద్దల అమాస," అంది గురమ్మ. "ఏటేటా మా అమ్మ ఒక్కదానికే కోక పెడతాండా. పీట సగం ఖాళీ. ఈ ఏడు ఆ సగంలో పంచె పెట్టాల. నేను పొయ్యేలోపల పెట్టాల. లేకుంటే నేను పోయినాక, ఆడ పెద్దోళ్ల వరసలో మా అమ్మ ఒంటిగ కూచోనుంటే ఏం చెయ్యాల? నాయన యాడమ్మా అని అడగాల్నా?"

గడప దగ్గర నిలబడ్డ నరసింహ గొంతు సవరించుకున్నాడు. "పెద్దల పేర్లు పిలిచే దాసన్నను అడిగినా మామా. చావు చూసినోడన్నా, చూసినోడి బిడ్డన్నా చేటలో బియ్యం మింద చెయ్యి పెట్టి చెప్పాలంట. చెప్తేనే పేరు పిలుస్తాడంట."

"చెప్తే సరిపాయ గదా?"

"నువ్వు చెప్తే..." నరసింహ మెడ గోక్కున్నాడు. "తప్పుగా అనుకోవద్దు మామా. ఓడ కరీం మాట మింద పంచె పెట్టినారంట అని రేపు నా అంగడి ముందరే నవ్వుకుంటారు. మా అవ్వను నవ్వింది సాలదా?"

ఆ మాట కరీంకు తగిలింది. "రేపు చెప్తానక్కా," అన్నాడు.

"పుట్టినప్పట్నుంచి నోరు మూయనోడివి. ఒక్క మాటకు రేపా?"

"ఒక్క మాటే గదక్కా, దానికే."

ఇంటికొచ్చేసరికి భార్య బషీరాబీ జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. కరీం రొట్టె తుంచాడు, నోట్లో పెట్టుకోలేదు.

"బషీరా, నా ఓడలో నిజమెంత?"

"కూరలో ఉప్పంత."

"పియానో ఉండెనా?"

"నన్నడిగితే? నేనేమన్నా దాని మింద బట్టలారేసినానా?" ఆమె ఎదురుగా కూర్చుంది. "పెండ్లయిన కొత్తల్లో నువ్వు చెప్పినప్పుడు ఆ ఓడలో ఒక కోతి ఉండె. మన పెద్దోడు పుట్టేతలికి అది గుర్రమాయ. ఇప్పుడు ఏనుగుండాది. ఇంకొక బిడ్డ పుట్టింటే ఓడ మునిగిపోతాండె."

వేరే రోజైతే కరీం ఈ మాటను దాచుకుని రేపటి కతలో వాడుకునేవాడు. ఇప్పుడు వేళ్లు మడిచి లెక్క చూసుకుంటున్నాడు. బూడిదరంగు నిజం, నాయన గోళ్ల సందుల్లో అది చాన్నాళ్లు పోలేదంటారు. కిటికీలకు నలుపు నిజం. రంగూన్ మీద బాంబులు పడినప్పుడు మోయలేనంత జనాన్ని ఎక్కించుకొచ్చిందనేది నిజం. యుద్ధం అయినాక మళ్లీ తెల్లరంగు వేసి ప్రయాణాలకు తిప్పారనీ, ఎన్ని పూతలు పూసినా కింద బూడిదరంగు బయటపడేదనీ నాయన అనేవాడు. అది నిజమేనా? తనే అతికించాడా? ముసలిదైపోయిన ఓడను బొంబాయిలో ఇనుము కింద పగలగొట్టారని తెలిసిన రోజు నాయన సంగటి ముద్ద ముందర పెట్టుకుని తినకుండా లేచిపోయాడు. అది మాత్రం కళ్లారా చూశాడు. మిగతాదంతా కలిసిపోయింది. పాత దూదీ కొత్త దూదీ కలిపి ఏకిన తరువాత మళ్లీ విడదీసే మొనగాడు ఈ భూమ్మీద పుట్టలేదు.

పొద్దు వాలుతుండగా పెండ్లి పరుపు ముందు మళ్లీ కూర్చున్నాడు. దూది నిండింది. బెత్తంతో తట్టి సమం చేశాడు. ఇక మిగిలింది మూతి. గుడ్డ రెండంచులూ చేర్చి పట్టుకుని, దబ్బనానికి దారం ఎక్కించాడు. మొదటి కుట్టు వేసి లాగేసరికి చెయ్యి ఆగింది.

నాయన పరుపు మూతి కుట్టేవాడు కాదు. దూది ఏకేవాడు, నింపేవాడు, నడుమ బందాలు వేసేవాడు. మూతి దగ్గరికొచ్చేసరికి దబ్బనం కరీం చేతిలో పెట్టి బయటికి పోయి బీడీ ముట్టించుకునేవాడు. చెయ్యి పెద్దగా ఎదగకముందే కరీంకు మూతికుట్టు వచ్చేసింది. ఎందుకని మీసాలొచ్చాక ఒకసారి అడిగాడు. నాయన చెప్పాడు. ఒక్కసారే, ఒక్క తీరుగా చెప్పాడు. కోతి లేదు, గుర్రం లేదు.

కరీం దారం మళ్లీ లాగాడు. ఈసారి చెయ్యి ఆగలేదు. మూతి చివరిదాకా కుట్టి, ముడివేసి, పళ్లతో తెంపాడు.

మర్నాడు పొద్దున గురమ్మ ఇంటి నడవలో చేటలో బియ్యం పోసి ఉంచారు. దాసన్న శంఖాన్ని ఒళ్లో పెట్టుకుని గోడకానుకుని కూర్చున్నాడు. ఆ వీధిలో అందరి పెద్దలనూ పేరుపేరునా పిలిచేది అతనే. గడప బయట పక్కింటి ఆడవాళ్లు పని ఉన్నట్టు నిలబడ్డారు. కరీం రాగానే దాసన్న మీసం కింద నవ్వాడు.

"ఏం కరీం బావా, ఏనుగు బాగుండాదా?"

"బాగుండాదప్పా."

అంతే అన్నాడు. కరీం టోపీ సర్దుకుని, చేట ముందు కూర్చుని, బియ్యంలో చెయ్యి పెట్టాడు.

"రంగూన్ మింద బాంబులు పడినాక జనాన్ని ఎక్కించుకోని మద్రాసుకు వస్తాండాది ఓడ. నిలబడనీకె చోటు లేదు. నడిసముద్రంలో కింద ఆవిరి గొట్టం పగిలింది. ఆ వంతులో ఓబన్న పెదనాయన ఉండె. మా నాయన వంతు అయిపొయ్యి పైన పండుకోనుండె. పైకి మోసుకొచ్చినారు. నీళ్లడిగినాడంట. మా నాయన పోసినాడంట. పొద్దు గుంకకముందే పాణం పోయింది."

గడప బయట ఒకామె కొంగు నోటిదాకా పోయి, అక్కడే ఆగింది.

"ఓడలో శవాన్ని పెట్టుకోరు. మందపాటి గుడ్డలో పెట్టి కుట్టి, బరువుకు కాళ్ల కాడ ఇనుప కమ్మీలు పెట్టి, సముద్రంలోకి ఇడుస్తారు. ఎవరు కుడతారన్యారు. నేను పరుపులు కుట్టేవాన్ని, నేను కుడతానన్యాడు మా నాయన. మీ మంత్రాలు ఆయనకు రావు. అహోబిళం సామి పేరొకటే తెలుసు. నరసింహా, నరసింహా అనుకుంటా కుట్టినాడంట. ముఖం కాడికొచ్చేతలికి..."

బియ్యంలో లేని చెయ్యి గాలిలో ఒక కుట్టు వేసింది. మిగతాది వేయలేదు.

"అంతే," అన్నాడు కరీం.

తన పేరు వినపడిన చోట నరసింహ ద్వారబంధం పట్టుకున్నాడు. బతిమాలుతున్నట్టు అడిగాడు. "మామా, ఇది ఓడ కత కాదు గదా?"

కరీం నోరు తెరిచాడు. కోతిని గుర్రం చేసి, గుర్రాన్ని ఏనుగు చేసిన నోరు, ఇది నిజం అన్న ఒక్క ముక్కను పలకలేకపోయింది. పలికితే కతలాగే ఉంటుందని భయమేసింది. బియ్యంలో చెయ్యి మాత్రం అలాగే ఉంచాడు.

"నేను చెప్తా," అంది గురమ్మ మంచం మీదినుంచి. "నరసింహా, ఈని ఓడలో ఎవరెవరున్యారో చెప్పురా."

"కెప్టెను దొర... వంటోడు... పియానో వాయించే దొరసాని... కోతి..."

"ఏనుగు," అని దాసన్న అందించాడు.

"మీ తాత ఉన్యాడా?"

నరసింహ ఆలోచించాడు. దాసన్న కూడా ఆలోచించాడు. గడప బయట ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నేండ్ల కతల్లో ఎవరికీ ఎక్కడా ఓబన్న తగల్లేదు.

"నాకు ఊహ తెలిసినప్పట్నుంచి ముందు దస్తగిరి చిన్నాయన నోట, ఆపైన ఈని నోట విన్యా. ఈ కతలోనన్నా మా నాయన వస్తాడేమో అని. యా మూలన్నో పార పట్టుకోని ఒక్కసారి కనపడితే, బతికే ఉన్యాడు, ఊరన్నట్టు రంగూన్లోనే ఉన్యాడు, ఉండనీలే అనుకుందామని కూచున్యా. రాలా. కోతికి కూడా కత కట్టినోళ్లు మా నాయనకు కట్టలా." గురమ్మ ఊపిరి పీల్చుకుంది. "అప్పుడే తెలిసింది నాకు, నాయన లేడని. అడగనీకెనే నోరు రాలా."

కరీం తల ఎత్తి ఆమెను చూశాడు. ఆమె లేవకుండా, రెప్ప వేయకుండా కూర్చున్నది తన కతలు బాగుండి కాదన్నమాట! చేపలకు నవ్వలేదు, పియానోకు నవ్వలేదు. ఒక్క మనిషి వస్తాడేమోనని ఓడంతా వెతుక్కుంటూ కూర్చుంది. ఇంకొకడైతే కత చెప్పేవాడిగా నొచ్చుకునేవాడు. అతనికి మాత్రం ఆమె పాదాలు పట్టుకోవాలనిపించింది.

"కర్మ జరగనోన్ని, దినం కానోన్ని కతలో పెట్టొద్దన్యాడక్కా మా నాయన," అన్నాడు మెల్లగా. "పెడితే ఆ కతలోనే ఇరుక్కోని యాటికీ పోలేడంట. ఊరికి తిరిగొచ్చిన పొద్దే సంజమ్మ పెద్దమ్మకు చెప్పినాడు. శవం చూపించు, నమ్ముతా అన్యాదంట. చూపించలేకపాయ. ఈ గడపలో మళ్లీ ఆ మాట ఎత్తొద్దన్యాదంట. బిడ్డ అడిగిన నాడు చెప్పు అని నాకు అప్పజెప్పి పోయినాడు."

దాసన్న మీసం కింద ఇప్పుడు నవ్వు లేదు. "మా అక్క పెండ్లి పరుపు దస్తగిరి మామే కుట్టినాడు," అన్నాడు తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. "మూతి కాడ లేచిపోయినాడు. పని సగంలో ఇడిసిపెట్టినాడని మా నాయన తిట్టె." శంఖాన్ని పైపంచెతో తుడిచాడు. "నరసింహా, పంచె తెచ్చుకోపో. కొత్తది. అంచు ఉండేది."

అమావాస్యనాడు మధ్యాహ్నానికి ఇల్లంతా సాంబ్రాణి పొగ. పీట మీద ఒక పక్క సంజమ్మకు ఆకుపచ్చ కోక, రెండో పక్క ఎర్రంచు పంచె. కొత్త గుడ్డకు ఉండే మడతలు ఇంకా విడిపోలేదు. గురమ్మే వేలితో పసుపు తీసి పంచె మూలకు రాసింది. బొట్టు కొంచెం పెద్దదైంది. ముందు విస్తరిలో కొర్రన్నం, అలసందల వడలు, బెల్లం పరమాన్నం. ఓబన్నకు ఏది ఇష్టమో ఎవరికీ తెలియదు కాబట్టి నరసింహ ఇంట్లోవాళ్లు అన్నీ చేశారు.

దాసన్న శంఖం పూరించాడు. జేగంట కొట్టాడు. వరసగా పేర్లు పిలుచుకుంటూ వచ్చి, "కోడుమూరు ఓబన్నా!" అని వీధి చివరిదాకా వినపడేలా పిలిచాడు. ఆ పిలుపుకు పక్కింటి ఆడవాళ్లు లోపలికొచ్చారు. వాళ్లలో అందరికన్నా పెద్దావిడ, ఆనాడు సంజమ్మ వెనక నడిచినామె, వంగి పంచె అంచును కళ్లకద్దుకుంది. తరువాత కోకను కూడా కళ్లకద్దుకుని, దాని మీద చెయ్యి కాసేపు ఉంచింది. గురమ్మ అది చూసి తల తిప్పుకుంది. కోపంతో కాదు.

కరీం బయట అరుగు మీదే కూర్చున్నాడు. నరసింహ విస్తరి తెచ్చి అతని ముందు తానే వేసి, వడ్డించి, పక్కన ఇంకో విస్తరి వేసుకుని కూర్చున్నాడు. అంగడి ముందు ఎవరు నవ్వుతారో అన్న సంగతి అతనికి గుర్తున్నట్టు లేదు.

తినడాలయ్యాక గురమ్మను పట్టుకుని తెచ్చి అరుగు మీద గోడకు ఆనించారు. ఆ పూట రెండు వడలు తిందని ఇంట్లో సంబరంగా చెప్పుకుంటున్నారు. ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది.

"కరీమా, ఇప్పుడు చెప్పు."

"ఏం చెప్పాలక్కా?"

"మా నాయన కత. దినమాయ గదా. ఇంక యాడ ఇరుక్కుంటాడు?"

కరీం ఆమె ముఖంలోకి చూశాడు. టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "నిజం కావాల్నా అక్కా?"

"నిజం నిన్ననే అయిపాయ."

అతను బాసింపట్టు వేసుకున్నాడు. చేతులకు పని లేదు, దూది లేదు. కాబట్టి రెండు చేతులూ గాలిలోకి లేచాయి.

"అయితే విను. ఓబన్న పెదనాయన ఎక్కిన దినం మద్రాసు రేవులో ఎల్లమ్మ కదల్లేదక్కా. కెప్టెను దొర ఇంగ్లీషులో తిట్టినాడు. ఊహూ. రేవులోళ్లు అరవంలో బతిమాలినారు. ఊహూ. అప్పుడు కిందినుంచి పెదనాయన పారతో ఇనుప నేల మింద ఠంగుమని కొట్టి, మన కోడుమూరు మాటలో అన్యాడు గదా: 'ఏమే ఎల్లమ్మా, పోతావా లేదా? ఇంటికాడ నా బిడ్డ అడుగులెయ్యనీకె నేర్చుకుంటాంది. నేను పొద్దున్నే పొయ్యి చూడాల!' అంతే! ఆ ఓడ ఎట్ల ఎగిరిందంటే, సముద్రం నీళ్లు రెండు పాయలుగా చీలి..."

"మామా," అన్నాడు నరసింహ నవ్వుతూ, "రంగూన్ పొయ్యి పొద్దున్నే రానీకె అదేమన్నా కర్నూలు బస్సా?"

"నువ్వు నోరు మూసుకోరా," అంది గురమ్మ, కరీం మీదినుంచి కళ్లు తిప్పకుండా. "మా నాయన ఇంటికి రావాలని తొందరలో ఉండాడు. నువ్వు చెప్పు కరీమా."